చదరంగపు గడులు, నోటు మీది వడ్డీ

పావులూరి మల్లనదిగా ప్రసిద్ధికెక్కిన చదరంగపు పద్యము తెలుగు ఉపాధ్యాయులకు పరిచితమే. మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు చేసిన కవి ఈతడు. మొదటి గడిలో 1, రెండవ దానిలో 2, మూడవ దానిలో 4, ఇట్లు 64 గడులు నింపినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. బాణములనిన 5, చంద్రుడనిన 1 అను సంకేతములతో, ఒకట్ల స్థానము నుండి మొదలుపెట్టి, 20 అంకెలను ఒక్క పద్యములో ఇమిడ్చిన నేర్పు అసామాన్యము. ధారణకు ఇంతకన్న మేలైన సాధనము లేదు.

అయితే బీజగణిత పాఠమునకు ఇది చాలునా? చాలదు. పద్యము ఫలితమును చెప్పును గాని నియమమును చెప్పదు. విద్యార్థి సంఖ్య పెద్దతనమునకు అబ్బురపడి, వేగముగా పెరుగునదెల్ల ఘాత ప్రమేయమే అనుకొనును. వేగము గుర్తు కాదు. గడి సంఖ్యను వర్గము చేసి చూడుడు: ఆరవ గడిలో 36, మల్లన లెక్కలో 32 మాత్రమే. ఏడవ గడిలో గాని 64, 49ని దాటదు. అసలు గుర్తు ఒక్కటే: సమానమైన అడుగులు వేసినపుడు భేదము గాక నిష్పత్తి మారకుండుట, ఆ నిష్పత్తి 1 కన్న పెద్దదైనచో అది వృద్ధి. చలరాశి ఘాతాంక స్థానమున నుండుట దీనికే మరొక రూపము.

ఆ నిష్పత్తి 2 కానక్కరలేదు. బద్వేలు వంటి మెట్ట ప్రాంతపు రైతుకు నూటికి నెలకు 2 రూపాయల బారువడ్డీపై 1,000 రూపాయల అప్పు ఉన్నదనుకొందము. మూడేండ్లకొకసారి బాకీ 1,720, 2,440, 3,160. భేదము 720, ఇది సరళరేఖ. కాని ప్రామిసరీ నోటుకు సాధారణముగా మూడేండ్లే గడువు గనుక, వడ్డీని అసలులో కలిపి నోటు తిరగవ్రాసినచో బాకీ 1,720, 2,958, 5,088. ఇచట నిష్పత్తి 1.72. పేరు బారువడ్డీయే, నడక మాత్రము చక్రవడ్డీది. మొదటి మూడేండ్లలో రెండింటికిని భేదమే కనబడదు.

కనుక పద్యమును విడువవలదు. దాని తరువాత ఈ రెండు వరుసలను నల్లబల్లపై వ్రాయుడు. చివరి సంఖ్య ఎంత అని గాక, ప్రక్కప్రక్క సంఖ్యలను తీసివేసినపుడేమి వచ్చును, భాగించినపుడేమి వచ్చును అని అడుగుడు. ఆ భాగహారము వచ్చిన పిల్లవాడు, ఇంటిలో నోటు తిరగవ్రాయు నాడు తండ్రి ప్రక్కన కూర్చుండి లెక్క చెప్పగలడు.