వాకిలి లేని సంక్రాంతి

మన కథల్లో, గేయాల్లో సంక్రాంతి వచ్చినప్పుడల్లా ఒకే యిల్లు కనిపిస్తుంది. విశాలమైన వాకిలి, రెండువైపులా అరుగులు, పెరట్లో నిండిన గాదె, పక్కన గొడ్ల చావిడి. వాకిట్లో ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, గుమ్మం ముందు హరిదాసు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో మొదటి మహాసభ జరుపుకున్నది. అప్పటినుంచీ భూమి గురించీ కూలి గురించీ యింత రాసిన మనవాళ్ళు కూడా, పండుగ దగ్గరకు వచ్చేసరికి తెలియకుండానే ఆ అరుగు మీదకే పోయి కూర్చుంటున్నారు. ఆ యిల్లు ఎవరిదో, ఎంతమందికి వుండేదో అడగటం లేదు.

నేను పొదిలివాణ్ణి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా (1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు) మాది నెల్లూరు జిల్లా. జమీందారీల కాలంలో వెంకటగిరివారి ఏలుబడి. డెల్టా కాదు. వరితో గాదె నిండే నేల కాదు. జొన్న, సజ్జ, కంది పండే మెట్ట. యిక్కడి పాత యిల్లు మట్టిమిద్దె: రాయీ మట్టీ కలిపిన గోడ, దూలాల మీద కర్రలు పరిచి పోసిన మట్టికప్పు. యింత కూడా లేనివాళ్ళకు కసువు కప్పిన గుడిసె.

మట్టియిల్లు ఏటా సగం చచ్చి మళ్ళీ పుడుతుంది. మా వైపు ఆశ్వయుజ కార్తికాల్లో కూడా గట్టి వానలే. ఆ వానలకు గోడ అడుగులు కరుగుతాయి, నేల పెచ్చులు లేస్తుంది. మార్గశిరం వెళ్ళేసరికిగాని గోడ ఆరదు. ఆరిన గోడకు మట్టి మెత్తి, సున్నం కొట్టి, అడుగున ఎర్రమన్ను పూసి, నేల అలకటానికి అనువైన రోజులు పుష్యమాసం ముందువే. చేతిలో నాలుగు గింజలు ఆడేదీ అప్పుడే. పండుగకు యిల్లు దిద్దుకోవటం అనే ఆచారాన్ని శాస్త్రాల్లో వెతికేవారు ముందు ఆ తడిగోడను తట్టి చూడాలి. యింటి మరమ్మతు పండుగకు గడువు పెట్టింది. పండుగ ఆ మరమ్మతును వాయిదా వెయ్యటానికి వీల్లేని పని చేసింది.

ముగ్గు సంగతీ అంతే. పేడనీళ్ళతో కళ్ళాపి చల్లేది మట్టివాకిలి దుమ్ము అణగటానికి. ఆకుపచ్చగా తడిసిన ఆ నేల మీదే తెల్లపిండి గీత నిలుస్తుంది. సిమెంటు వాకిట్లో కళ్ళాపి చల్లితే కాలు జారటం తప్ప ప్రయోజనం లేదు. అందుకే యిప్పుడు ముగ్గు రంగుడబ్బాలోకి వెళ్ళింది, గడప ముందు అంటించే కాగితంలోకి వెళ్ళింది.

యిల్లు పండుగను మలిచినట్టే పండుగ కూడా యింటిని మలిచింది. గుమ్మానికి అటూ యిటూ వున్న గూళ్ళు దీపావళికోసం వదిలినవే అనిపిస్తుంది. అరిసెల పాకానికి పెరట్లో వేరే పొయ్యి వేసేవారు. కొత్త అల్లుడు మొదటి పండుగకు వస్తున్నాడంటే ఒక గది లేస్తుంది. నేనెరిగిన రెండు మూడు యిళ్ళల్లో మరుగుదొడ్డి కట్టించింది ప్రభుత్వ ప్రచారం కాదు, అల్లుడే! యింటి ఆడవాళ్ళు అంతకాలం చీకటి పడేదాకా కాచుకున్నారన్న సంగతి ఆ పెద్దమనిషికి తోచనేలేదు.

యిది మన ఒక్కరి విషయం కాదు. 1848లో లండన్ చిత్రపత్రిక ఒకటి విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ అచ్చువేసింది. ఆ తర్వాత అక్కడి మధ్యతరగతి యింటి ముందుగది ఆ చెట్టుకు చోటు చూసుకున్నది. ముందుగది లేని కార్మికుడు ఆ బొమ్మను చూసి ఏమనుకున్నాడో అది వేరే చరిత్ర.

మా సీమలోనూ అటువంటి చరిత్ర వున్నది. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, పెద్ద కరువు వెన్నంటే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. మతాంతరం వెనక వున్న ఆకలినీ, ఆత్మగౌరవాన్నీ రెంటినీ చూడాలి. యిక్కడ నాకు కావలసింది గోడ మీది సున్నం. వూళ్ళో సున్నం సంక్రాంతికి. పల్లెలో సున్నం క్రిస్మస్‌కు. వెదురుకు కట్టిన కాగితపు నక్షత్రం దించకముందే భోగిమంట వస్తుంది. ఒకే సున్నం రెండు పండుగలు గడుపుతుంది. హరిదాసు ఆ పల్లెలో అడుగుపెట్టగా నేను చూడలేదు. మన కవులు యీ గోడను చూశారా?

ఉన్నవ లక్ష్మీనారాయణ చూశారు. 1922 నాటి ‘మాలపల్లి’ కూలితగాదాను కథ నడుమకు తెచ్చింది. పండుగ గేయం నిండిన గాదెను చూపిస్తుంది. ఆ నవల గాదె ఎలా నిండిందో చూపించింది. ఆ దారిలో మనం నిలకడగా నడవలేదు.

నిలకడలేనివారిలో నేనూ ఒకణ్ణి. బడిలో పాఠం చెప్పే రోజుల్లో ‘మా యింటి సంక్రాంతి’ అని వ్యాసం రాయమన్నాను. ఒక పిల్లవాడు గాదె, గంగిరెద్దు, అరుగులు అన్నీ పొందికగా రాశాడు. వాడి యిల్లు నాకు తెలుసు, కాలనీలో ఒంటిగది. పదికి ఎనిమిది వేశాను. ఒక పిల్ల, పండుగకు తాము యింట్లో లేమనీ, గుంటూరు వైపు మిరపకోతకు పోయి చేను గట్టున పట్టా కట్టుకున్నామనీ, భోగినాడు అమ్మ పట్టా ముందు జానెడు నేల అలికి బూడిదతో ముగ్గు వేసిందనీ, మిరపఘాటుకు చేతులు మండుతుంటే ముగ్గు వంకరపోయిందనీ రాసింది. నాలుగు వేశాను. ‘విషయానికి దూరంగా పోయావు’ అని ఎర్రసిరాతో రాశాను కూడా.

ఆ పిల్ల విషయంలోనే వుంది. దూరంగా వున్నది నేను.

పండుగలు భూస్వామ్య అవశేషాలు, వాటి జోలి మనకెందుకు అనే మిత్రులున్నారు. ఆ మాట జానెడు నేల అలికిన ఆ తల్లితో అనగలరా? ఆమె పెద్దయింటిని అనుకరించలేదు. యిల్లు లేనిచోట యిల్లు అనేదాన్ని నిలబెట్టింది. అయితే పగలంతా కోసి వచ్చిన ఆ చేతులే మళ్ళీ అలకవలసి వచ్చిందనీ, పక్కన కూర్చున్న మగచేతులు కదలలేదనీ కూడా రాయాలి. వాకిలి అందమంతా ఆడదాని నడుము మీద నిలిచిందన్న మాట మన పండుగ సాహిత్యంలో ఎంత వెతికినా అరుదుగానే దొరుకుతుంది.

2020 డిసెంబరులో రాష్ట్రంలో పంపిణీ మొదలుపెట్టిన యిళ్ళస్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు. గది, వంటిల్లు, దొడ్డి పోగా గుమ్మం నేరుగా రోడ్డు మీదకే తెరుచుకుంటుంది. అక్కడ తెల్లవారుజామున వేసిన ముగ్గు మీద పాల ఆటో పోతుంది. సరిగ్గా యీ రోజుల్లోనే వీధివీధినా ముగ్గులపోటీలు పెరిగాయి. బడిమైదానంలో సున్నంతో గళ్ళు గీసి, తలా ఒక గడి యిస్తారు. ఆ గడి ఒక పూట వాకిలి. సాయంత్రానికి నాయకుడు వచ్చి కుక్కర్లు పంచి వెళ్ళిపోతాడు. పోయిన సంక్రాంతికి అక్కడ నిలబడి చూశాను. బహుమతి రాని ఒకామె తన గడి చెరిగిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చుకుంటున్నది.