జాబితాలో లేని గొంతు

'కన్యాశుల్కం' గురించి మనం చాలా రాసుకున్నాం. ఆ నాటకానికి ముందు ఒక సర్వే ఉందన్న సంగతి దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించవలసి ఉంది.

1897లో అచ్చయిన తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ ఆ లెక్క చెప్పాడు. అంతకు పదేళ్ల ముందు విజయనగరం మహారాజు, నాటి విశాఖపట్నం జిల్లాలోని సాధారణ బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలకు జాబితా తయారు చేయించాడు. నమోదైనవి 1034. అందులో ఐదేళ్ల పిల్లల పెళ్లిళ్లు 99, నాలుగేళ్లవారివి 44, మూడేళ్లవారివి 36, రెండేళ్లవారివి 6, ఏడాది పసికందులవి 3. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ జాబితా సంపూర్ణం కాదనీ, శుల్కం పుచ్చుకున్నామని ఒప్పుకోవడం సంబంధీకులకు ఇష్టముండదనీ కూడా గురజాడ చెప్పాడు. సంస్కరణ పక్షాన నిలిచినవాడు తన పక్షానికి బలమిచ్చే లెక్కలోని లోటును తానే బయటపెట్టాడు. అభిప్రాయ సేకరణలో నీతి ఇక్కడే మొదలవుతుంది. ఎవరు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదు అన్నది కూడా లెక్కలో భాగమే.

అయితే అమ్ముడైన గుంట ఆ జాబితాలో ఒక వయసు, ఒక ధర మాత్రమే. ఆమె ఏమనుకుంటుందో రాసుకోవడానికి అందులో గడి లేదు. నాటకం పని అక్కడ మొదలైంది. వితంతువైన బుచ్చమ్మ మాట్లాడింది, తన వాడుక భాషలోనే మాట్లాడింది. గిరీశం ఆమెను అడిగే తీరు చూడండి: జవాబును ముందే జేబులో పెట్టుకుని అడుగుతాడు. మధురవాణి చివరకు సౌజన్యారావు పంతులు నీతినే ప్రశ్నిస్తుంది. ఎవరిని గురించి సంస్కర్తలు తీర్పులు చెబుతారో, ఆ మనిషే ఎదురు ప్రశ్న వేసింది.

ఇవాళ లెక్క రాసేవాడి చేతిలో ట్యాబ్ ఉంది. ఎన్నికల ముందు ఫోన్ మోగుతుంది. రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. యంత్రాన్ని తిట్టడం అభ్యుదయం కాదు. కాని ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది? గుజరాత్ తీరంలో వేరావల్ పడవ మీద వేటకు పోయిన సిక్కోలు మత్స్యకారుడికి అది అందుతుందా? సవరల మాట వినాలంటే ముందు సవర భాష నేర్వాలని గిడుగు రామమూర్తి గ్రహించాడు. సీతంపేట కొండల్లోని సవర స్త్రీకి ఈ ప్రశ్న ఏ భాషలో వినపడుతోంది? అడిగేదెవరో, తన మాట ఎవరి చేతికి పోతుందో తెలియక, పింఛను పోతుందేమోనన్న భయంతో నొక్కిన అంకె అభిప్రాయమవుతుందా?

రచయితలుగా మనమూ తప్పించుకోలేం. 'ప్రజలు ఇలా అనుకుంటున్నారు' అని ఎన్ని కథల్లో, ఎన్ని వ్యాసాల్లో రాయలేదు? ఎవరిని అడిగి రాశాం? అడగకుండా రాసిన ప్రజాభిప్రాయం, ఎంత ఎర్రగా ఉన్నా, గిరీశం జేబులోని జవాబే. లెక్కలోని లోటును ఒప్పుకోవడం, లెక్కకు అందని మనిషిని ఆమె భాషలోనే మాట్లాడనివ్వడం: విజయనగరంలో గురజాడ చేసి చూపిన ఈ రెండు పనులూ ఇంకా మన ముందున్నాయి.