పరయా అనే మాట ఎవరిది?

ఇంగ్లీషులో 'పరయా', ఫ్రెంచిలో 'పారియా'. ఇంగ్లీషువాళ్ళు చివర పలకని 'హెచ్' ఒకటి తగిలించుకున్నారు, అంతే తేడా. అర్థం ఇద్దరికీ ఒక్కటే: సంఘం వెలేసినవాడు. మా పిల్లలు కొందరు ఇది మన 'పరాయి'కి చుట్టమనుకుంటారు. కాదు. ఇది తమిళ చేరీల్లోంచి ఓడెక్కిన మాట. పరయర్ అనే కులం పేరు. పోర్చుగీసువాళ్ళ రాతల్లో ముందు కనపడి, 1613 నాటికి ఇంగ్లీషు పుస్తకానికెక్కింది. మద్రాసు దొరలు దాన్ని ఆ ఒక్క కులంతో ఆపలేదు, అంటరానివాళ్ళందరికీ అంటగట్టారు. ఊరకుక్కకి పరయా కుక్క అనీ, గద్దకి పరయా గద్ద అనీ పేర్లు పెట్టారు.

తమిళంలో 'పరై' అంటే డప్పు. డప్పు కొట్టేవాళ్ళు గనక పరయర్ అని కాల్డ్వెల్ లాంటి పండితులు చెప్పారు. అందరూ ఎక్కడ కొట్టారు, ఎక్కువమంది పొలం కూలీలే కదా అని అడ్డు చెప్పినవాళ్ళూ ఉన్నారు. నాకు ఈ తగువు కంటే ఇంకో సంగతి ముఖ్యం. పాత తమిళంలో 'పరై' అంటే చెప్పడం కూడా. మలయాళంలో ఇప్పటికీ 'పరయుక' అంటే చెప్పడమే. సంగం కాలపు పురనానూరులో 335వ పాట నాలుగు కుడులను గొప్పగా చెప్తే, అందులో పరయన్ ఒకడు. అక్కడ ఆ పేరు తిట్టు కాదు.

యూరపుకి పోయాక ఏమైంది? 1791లో బెర్నార్డిన్ ద సాన్ పియెర్ అనే ఫ్రెంచి రచయిత 'భారతీయ గుడిసె' అనే కథ రాశాడు. సత్యం వెతుక్కుంటూ వచ్చిన ఇంగ్లీషు పండితుడికి పూరీ జగన్నాథంలో పెద్ద బ్రాహ్మణుడి దగ్గర అది దొరకదు. తిరుగుదారిలో వానకి తడిసి ఒక పారియా గుడిసెలో తలదాచుకుంటే అక్కడ దొరుకుతుంది. ఆ కాలంలో ఒక తెల్లవాడు బ్రాహ్మణుడి కంటే పారియాని పైన కూచోబెట్టడం చిన్న సంగతేం కాదు. కానీ చూడండి, తమిళ కులాన్ని తీసుకుపోయి ఒరిస్సా దారిలో పెట్టాడు. వాడికో గూడెం లేదు, చుట్టపక్కాలు లేరు, చేసే వెట్టి లేదు, చేతిలో డప్పు లేదు. అడవిలో ఉండే జ్ఞాని. పైగా ఆ జ్ఞాని ఏం చెప్తాడు? సత్యాన్ని మంచివాళ్ళకే చెప్పాలంటాడు. పేరులోనే చెప్పడం ఉన్నవాడి చేత నోరు కట్టేసుకోమని చెప్పించాడు! మాకు సత్యం చెప్పాల్సింది మంచివాళ్ళకా? కచేరీ అరుగు మీద కూచున్నవాళ్ళకి కదా.

1821లో దెలవీన్ అనే కవి 'ల పారియా' నాటకం రాశాడు. హీరో కులం దాచిపెట్టి కాశీలో యోధుల నాయకుడవుతాడు. తండ్రి వెతుక్కుంటూ రాగానే గుట్టు బయటపడి చచ్చిపోతాడు. టౌనులో అద్దెగదికోసం ఇంటిపేరు మింగినవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. నేను చదువుకునే రోజుల్లో ఒక ఇంటామె మా నాయన ఏం చేస్తాడని అడిగింది. వ్యవసాయం అన్నాను. దెలవీన్ ఆ భయాన్ని పట్టుకున్నాడు, ఒప్పుకోవాలి.

తర్వాత అక్కడివాళ్ళు ఆ మాటను తమకే తగిలించుకున్నారు. తల్లిదండ్రుల పెళ్ళి చెల్లక, పెరూలో ఆస్తి వాటా దక్కక, మొగుణ్ణి వదిలి బతికిన ఫ్లోరా త్రిస్తాన్ 1838లో తన పుస్తకంలో తనను తానే పారియా అనుకుంది. 1922లో పారిస్‌లో వలసదేశాల వాళ్ళు పెట్టిన పత్రిక పేరు 'ల పారియా'. దాన్ని నడిపినవాడు తర్వాత హో చి మిన్ అయ్యాడు. దొర భాషలో దొరకే చెప్పాడు, నాకు ఈ వాడుక నచ్చింది. ఇప్పటి ఇంగ్లీషు పేపర్లకొస్తే, తప్పు చేసిందని ప్రపంచం దూరం పెట్టిన దేశాన్ని 'పరయా స్టేట్' అంటున్నారు. పరయర్లు ఏం తప్పు చేశారని?

మా నాయన ఊళ్ళో సాటింపేసేవాడు. డప్పు మీద మూడు దెబ్బలేసి "వినుకోండహో" అనేవాడు. శిస్తు గడువు, చెరువు తూము ఎత్తే రోజు, పోలేరమ్మ కొలుపు. ఊరంతా ఆయన గొంతు వినాల్సిందే. మాట మాత్రం ఆయనది కాదు, కరణానిది. మా గూడెంలో మంచినీళ్ళ బావి లేదని ఒక్కరోజన్నా సాటింపెయ్యలేదు. వేస్తే వీపు చిట్లేది.

అందుకే రెట్టమలై శ్రీనివాసన్ 1893లో మద్రాసులో పత్రిక పెట్టి దానికి 'పరయన్' అనే పేరుంచడం నాకు పెద్ద సంగతిగా తోస్తుంది. అప్పటికి ఏడేళ్ళ కిందట, 1886లో, దొరల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మనుషుల్నీ కుక్కల్నీ గద్దల్నీ ఆ ఒక్క మాట కిందే చేర్చింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరు తీసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలంది. అదీ మనవాళ్ళు అడిగి సాధించుకున్నదే. పేరు మార్చుకోవడమా, అదే పేరు పట్టుకుని నిలబడడమా అని మనలో మనం ఇంకా కొట్లాడుకుంటున్నాం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల పోరాటాన్ని జనం దండోరా అనే పిలిచారు. మా నాయనకి ఆ మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. ఈసారి కరణం చీటీ ఏదిరా అని మాత్రం నవ్వాడు.