యా ప్రెసిడెంటు, మేడం?

హిందూపురంలో డిగ్రీ విద్యార్థులకి నేనిచ్చిన వ్యాసం పేరు 'రాష్ట్రపతి దినచర్య'. వచ్చిన కాగితాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బిల్లుల మీద సంతకం చేస్తాడు, క్షమాభిక్ష పెడతాడు, రాయబారుల్ని కలుస్తాడు. తప్పు వాళ్ళది కాదు, ఆ 'డు' నా నోట్సులోదే. 2022 జులైలో ద్రౌపది ముర్ము ప్రమాణస్వీకారం చేశాక కూడా నేను దాన్ని దిద్దలేదు. 'పతి' మీద 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికప్పుడే చర్చ జరిగింది. తెలుగులో ఇంకో చిక్కుంది, మనకి రాష్ట్రమంటే ఆంధ్రప్రదేశే. ఇద్దరు ముగ్గురు గవర్నరు గురించి రాసేశారు!

మర్నాడు పెనుకొండలో అదే పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది.

"యా ప్రెసిడెంటు, మేడం? మా చిన్నమ్మ గూడా ప్రెసిడెంటే."

పల్లెల్లో సర్పంచ్‌ని ఇప్పటికీ ప్రెసిడెంటనే అంటారు. ఆమె ఏం చేస్తుందన్నాను.

"కాయితాలు ఇంటికొస్తాయి. చిన్నాయన చూపించినచోట సంతకం పెడ్తాది. ఆఫీసుకి ఆయప్పే పోతాడు."

క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఢిల్లీలో ఆయమ్మ గూడా మంత్రులు చెప్తేనే కదా పెట్టేది?"

అవునని తలూపబోయి ఆగాను. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడవాలి, నిజమే. కానీ ఆ సలహా రాజ్యాంగంలో రాసుంది. ఇచ్చేవాళ్ళు లోక్‌సభకి జవాబు చెప్పాలి. 1978 నాటి 44వ సవరణతో దాన్ని ఒకసారి పునరాలోచనకి తిప్పి పంపే వీలూ ఉంది. 2006లో కలాం లాభదాయక పదవుల బిల్లుని అలాగే వెనక్కి పంపారు, 111వ అధికరణం కింద. 1967లో హిందూపురం నుంచే లోక్‌సభకి ఎన్నికైన నీలం సంజీవరెడ్డి, రాష్ట్రపతిగా 1979లో మొరార్జీ రాజీనామా తర్వాత ప్రభుత్వం ఏర్పాటుకి ఎవర్ని పిలవాలో తనే తేల్చాల్సి వచ్చింది. చిన్నాయన సలహా ఏ అధికరణంలో ఉంది? 1994 పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచ్ భర్త అనే పదవే లేదు. ఆయన ఎవరికీ జవాబుదారీ కాదు. దొంగ బిల్లుకి కేసు పడితే మాత్రం సంతకం పెట్టినామె మీదే పడుతుంది.

పార్లమెంటు 73వ సవరణని ఆమోదించింది 1992లో. 'ప్రెసిడెంటు గారి పెళ్ళాం' సినిమా వచ్చిందీ ఆ ఏడాదే. మూడోవంతు రిజర్వేషన్ వచ్చింది, 2011లో మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. పెళ్ళాం ప్రెసిడెంటయ్యాక ఆ సినిమా పేరు తిరగబడాలి కదా. కానీ 'ప్రెసిడెంటు గారి మొగుడు' అని ఎవరంటారు? ఆయన్నే ప్రెసిడెంటంటారు.

మూడోరోజు ధర్మవరంలో ప్రశ్న మార్చాను. మీరు చూసిన ప్రెసిడెంటు దినచర్య రాయమన్నాను. చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి రాసిన సర్పంచ్ చీకటితో లేచి పేడ ఎత్తుతుంది, పాలు పిండుతుంది, సంగటి కెలుకుతుంది, చెనిక్కాయ చేనికి పోతుంది. సంతకం చివర్లో, ఒక్క వాక్యం. హిందూపురం కాగితాల్లో రాష్ట్రపతి నిద్ర లేచినట్టు గానీ, అన్నం తిన్నట్టు గానీ ఒక్కరూ రాయలేదు. రెండ్రోజుల ముందైతే ఈ అమ్మాయికి 'విషయానికి సంబంధం లేదు' అని రాసి మార్కులు కోసేదాన్ని.

కాగితం కింద ఎర్రసిరాతో ఒక ప్రశ్న రాశాను, మీ ఊరి గ్రామసభకి పోయినసారి ఎవరు అధ్యక్షత వహించారు? కనుక్కుని రాసుకొస్తే అప్పుడు మార్కులు వేస్తానన్నాను.