ఐదు నుంచి ఆరున్నరకు

మా బృందంలో పదకొండేళ్లుగా లీడ్ పాడుతూ వచ్చిన పెద్దాయన పోయిన చలికాలంలో కూతురి దగ్గర ఉండటానికి టెక్సస్ వెళ్లిపోయారు. బడిపంతులుగా రిటైరైన మనిషి, ఆరడుగుల పైన ఎత్తు. ఆయన తల వంచకుండా పాడటానికి వీలుగా మైకును బాగా పైకి బిగించేవాళ్లం. ఆయన వెళ్లాక రెండు నెలల పాటు ఆ మైకు అదే ఎత్తులో ఉండిపోయింది. ఎవరికీ దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

మాది వర్జీనియా నైరుతి కొండల్లో ఒక చిన్న ఊరు. గిటార్, బ్యాంజో, ఫిడేల్, నిలబెట్టి వాయించే బేస్, నా మాండలిన్: ఐదుగురం. వాయించేది బ్లూగ్రాస్. గురువారం సాయంత్రాలు సాధన, వేసవిలో నెలకు ఒకటో రెండో కచేరీలు. నేను మాండలిన్ పట్టింది మాత్రం ఈ సంగీతం కోసం కాదు. భీమవరం దగ్గరి పల్లెలో పుట్టినవాణ్ని. పక్కనే పాలకొల్లు. అక్కడ పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికిస్తున్న రోజుల్లో మా నాన్న నాకూ ఒకటి కొనిపెట్టారు. వర్ణాలు దాటి ముందుకు పోలేకపోయాను. చాలా ఏళ్లకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక, బిల్ మన్రో చేతిలో అదే వాద్యం ఇంకో భాష మాట్లాడటం విన్నాను. అటక మీది పెట్టె కిందికి దించాను.

మన్రో కెంటకీలోని రోజీన్ అనే పల్లెలో 1911లో పుట్టాడు. ఆయన బృందం పేరు బ్లూ గ్రాస్ బాయ్స్. ఆ బృందం పేరే తర్వాత ఈ సంగీతానికి పేరైంది. ఇందులో సాధారణంగా ముగ్గురు కలిసి పాడతారు. పాట అసలు వరస లీడ్‌ది. దాని పైన టెనర్, కింద బ్యారిటోన్. టెనర్ పాడేవాడికి సొంతంగా నడిచే దారి ఉండదు. లీడ్ ఎక్కడ మాట సాగదీస్తే అక్కడ సాగాలి, ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ ఆగాలి. పదకొండేళ్లు ఆ పెద్దాయన గొంతు పైన నేను టెనర్ పాడాను. ఆయన పెదవి కదలకముందే ఏ అక్షరం వస్తుందో తెలిసేది.

మార్చిలో ఒక అమ్మాయి వచ్చింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు, పాతికేళ్లు దాటి ఉంటాయి. గిటార్ లయ గట్టిగా పట్టుకుంటుంది. బ్లూగ్రాస్‌లో డ్రమ్ము ఉండదు కాబట్టి లీడ్ పాడే మనిషి గిటార్ తడబడితే అందరం తడబడతాం. ఆ భయం మొదటి పది నిమిషాల్లోనే పోయింది. పాట దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. పెద్దాయన పాడే జి శ్రుతిలోనే పాడమన్నాం. ఆమె గొంతు కింద అడుగంటి, మాటలు సగం లోపలే ఉండిపోయాయి.

"మూడు మెట్లు పైకి జరిపి పాడనా?" అని అడిగింది.

మూడు మెట్లంటే బీ ఫ్లాట్. మన హార్మోనియం లెక్కలో ఐదు శ్రుతి నుంచి ఆరున్నరకు. గిటార్, బ్యాంజో వాళ్లు మెడ మీద మూడో మెట్టు దగ్గర తీగలను నొక్కిపట్టే కాపో బిగించుకున్నారు. బ్యాంజోకైతే ఐదో తీగను కూడా విడిగా పెంచుకోవాలి, అదీ అర నిమిషం పనే. మాండలిన్‌కు కాపో వేసే అలవాటు లేదు. జి లో విడి తీగల మీద చులాగ్గా వచ్చే నా పాత పట్లన్నీ ఒక్క దెబ్బతో పనికిరాకుండా పోయాయి. ఆ రాత్రి ఇంటికొచ్చి కొత్త వేళ్లు వెతుక్కుంటూ కూర్చున్నాను. విసుగు వచ్చింది. ఆ విసుగును ఆమె మీద పెట్టుకున్నాననీ ఒప్పుకోవాలి.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాం. పెద్దాయన పాడే ఒక పాటలో ప్రతి చరణం మూడో పాదం మధ్యలో చిన్న ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో నేను నాలుగు స్వరాలు వేసేవాణ్ని. వినేవాళ్లు సరిగ్గా అక్కడ తల ఊపేవాళ్లు. ఈ అమ్మాయి ఆ పాదాన్ని ఒకే ఊపిరిలో పాడేసింది. నా నాలుగు స్వరాలు ఆమె మాటల మీద పడ్డాయి. మరుసటి వారమూ అంతే. పాట తప్పుగా నేర్చుకుందని నిజంగానే అనుకున్నాను. బ్యాంజో మిత్రుడూ అలాగే అనుకున్నాడు. అక్కడ ఆగాలమ్మా అని నెమ్మదిగానే చెప్పాం. ఆమె మారుమాట లేకుండా ఆగింది. మూడు వారాలు అలా ఆగుతూనే పాడింది. పాడినప్పుడల్లా ఆ పాదం రెండు ముక్కలై కింద పడేది.

ఒక ఆదివారం ఆ పాట పాత రికార్డు తీసి విన్నాను. అందులో ఖాళీ లేనే లేదు. పెద్దాయనకు ఉబ్బసం. ఆ పాదం ఒక్క బిగిన పాడలేక మధ్యలో ఊపిరికి చోటు చేసుకున్నారు. మేము ఆ చోటును అలంకరించి, పాటలో భాగం చేసి, ఉబ్బసం లేని మనిషిని కూడా అక్కడ ఆయాసపడమన్నాం.

అప్పటి నుంచి నా మనసు రాల్ఫ్ స్టాన్లీ చుట్టూ తిరుగుతోంది. ఆయనదీ ఈ కొండలే. క్లింట్‌వుడ్‌లో ఆయన పేరిట మ్యూజియం ఉంది. అన్న కార్టర్ లీడ్, తమ్ముడు రాల్ఫ్ టెనర్, బ్యాంజో. 1946లో క్లించ్ మౌంటెన్ బాయ్స్ అనే బృందం కట్టి ఇరవై ఏళ్లు కలిసి పాడారు. 1966 డిసెంబరు 1న కార్టర్ చనిపోయాడు. 41 ఏళ్లు. చిన్ననాటి నుంచి ఒకే గొంతు పైన నిలబడి పాడినవాడికి కింద ఆ గొంతు లేకుండా పోవడమంటే ఏమిటో, టెనర్ పాడే ఎవరికైనా చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. మానేద్దామా అని కూడా రాల్ఫ్ ఆలోచించాడు. మానలేదు. లారీ స్పార్క్స్ అనే 19 ఏళ్ల ఒహాయో కుర్రాణ్ని అన్న స్థానంలో నిలబెట్టుకున్నాడు. స్పార్క్స్ తర్వాత రాయ్ లీ సెంటర్స్ వచ్చాడు. అతని గొంతు కార్టర్‌ను ఎంత గుర్తుచేసేదంటే, పాత శ్రోతలు ఉలిక్కిపడేవారు. 1974లో సెంటర్స్ తుపాకీ గుండుకు బలయ్యాడు. రాల్ఫ్ మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఈసారి కీత్ విట్లీ. అంతకు కొన్నేళ్ల ముందు వెస్ట్ వర్జీనియాలో ఒక కచేరీకి రాల్ఫ్ ఆలస్యంగా చేరినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి వేదిక మీద స్టాన్లీ సోదరుల పాటలు పాడుతూ కనిపించిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు. రెండోవాడు రికీ స్కాగ్స్. విట్లీ తర్వాత 17 ఏళ్ల చార్లీ సైజ్‌మోర్. ఇలా ఒక్కొక్కరే.

అన్నను పోలిన గొంతు దొరికింది కాబట్టే రాల్ఫ్ నిలబడ్డాడని కొందరంటారు. నాకు అలా అనిపించదు. సెంటర్స్ ఒక్కడి విషయంలో ఆ మాట చెల్లుతుందేమో. స్పార్క్స్ తర్వాత సొంత బృందంతో సొంత పేరు తెచ్చుకున్నాడు. విట్లీ నాష్‌విల్ వెళ్లి కంట్రీ గాయకుడిగా వెలిగాడు. ఒకరి గొంతు మరొకరిది కాదు. అన్ని గొంతుల పైనా టెనర్ పట్టింది మాత్రం ఆ ఒక్క మనిషే. ప్రతిసారీ కొత్త ఊపిరిని కొత్తగా నేర్చుకున్నాడన్నమాట.

కొత్తవాళ్లే సర్దుకోవాలనే వాళ్లు మన్రో కథ ఒకటి చెబుతారు. 1963లో డెల్ మెకూరీ అనే యువకుడు బ్యాంజో వాయించడానికి వస్తే, మన్రో అతని చేతికి గిటార్ ఇచ్చి లీడ్ పాడించాడు. అతను అంతకు ముందు లీడ్ గాయకుడే కాదు. నిజమే, ఆ సర్దుబాటు నుంచే ఒక గొప్ప గొంతు పుట్టింది. కానీ అదే మన్రో 1949 చివర్లో ఏం చేశాడో కూడా చూడాలి. అంతకు ముందు ఆయన దగ్గర పాడిన లెస్టర్ ఫ్లాట్‌ది మెత్తని గొంతు. ఆ ఏడాది వచ్చిన జిమ్మీ మార్టిన్‌ది పదునుగా, పైన పలికే గొంతు. అతన్ని కిందికి దించలేదు మన్రో. తన టెనర్‌ను ఇంకా పైకి ఎక్కించుకున్నాడు. ఎదుటివారికి సులభంగా లొంగే మనిషి కాదాయన. అయినా శ్రుతి దగ్గర లొంగాడు.

నేను పైకి ఎక్కలేను. ఆరున్నర శ్రుతిలో ఆ అమ్మాయి గొంతుకు పైన నా వయసు మగగొంతు నిలవదు. దానికీ ఒక దారి ఈ సంగీతంలోనే ఉంది. కెంటకీకి చెందిన ఆస్బోర్న్ సోదరులు 1958లో 'వన్స్ మోర్' పాటలో లీడ్‌నే అన్నిటికన్నా పైన పెట్టి, టెనర్‌ను ఒక స్థాయి కిందికి దించారు. మేమూ అదే చేశాం. ఇప్పుడు పైన ఆమె, మధ్యలో బ్యాంజో మిత్రుడి బ్యారిటోన్, అట్టడుగున నేను. మొదట్లో కింద నుంచి పాడుతుంటే బావిలో నిలబడ్డట్టు ఉండేది. పదకొండేళ్లూ కనిపించని సంగతులు అక్కడి నుంచి కొన్ని వినిపిస్తున్నాయి. బేస్ తీగ నా గొంతుకు ఇంత దగ్గరగా నడుస్తోందని నాకు తెలియదు.

జూన్ మొదటి శనివారం అగ్నిమాపక కేంద్రం ఆవరణలో చేపల వేపుడు విందు జరిగింది. మా కొత్త బృందానికి అదే మొదటి కచేరీ. బేస్ వాయించే ఆయన ఎవరితోనూ అనకుండా మైకును జానెడు కిందికి దించాడు. ఒకే మైకు చుట్టూ అందరం చేరి పాడే పద్ధతి కాబట్టి మిగతావాళ్లం కొంచెం వంగాల్సి వచ్చింది. ఆ పాట వచ్చింది. మూడో పాదం ఆమె ఒకే ఊపిరిలో పాడింది. నేను వాయించకుండా ఊరుకుని, పాదం పూర్తయ్యాక నాలుగు స్వరాలు వేశాను. నా పాటల పుస్తకంలో ఆ పేజీ మీద జి కొట్టేసి బీ ఫ్లాట్ అని రాసుకున్నాను. మిగతా పేజీల మీద కూడా ఒక్కొక్కటే రాస్తున్నాను.

ఈ వారం వీలు చేసుకుని, కార్టర్ ఉన్నప్పటి స్టాన్లీ సోదరుల పాట ఒకటి, ఆ వెంటనే రాయ్ లీ సెంటర్స్‌తో కలిసి రాల్ఫ్ పాడినది ఒకటి వినండి. మొదటిసారి కింది గొంతును పట్టుకుని వినండి. రెండోసారి పై గొంతు దాన్ని ఎక్కడెక్కడ కనిపెట్టుకుని నడుస్తోందో వినండి.