సీరియలేగా!

ఈ వారం ఒక పెద్దమనిషి మా పిన్నికీ, ఎదురింటి టీచరుగారికీ రాజీ కుదర్చబోయాడు. పిన్ని ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. తగువూ కొత్తది కాదు: ‘కార్తీక దీపం’లో మొగుడు డాక్టర్ బాబుని దీప క్షమించొచ్చా, కూడదా? 2017 అక్టోబరులో మొదలైన ఆ సీరియల్ 2023 జనవరిలో ముగిసింది. అవే పేర్లతో, వేరే కథతో రెండోది కూడా వచ్చింది. వీళ్లు మాత్రం మొదటి దాంట్లోనే ఉన్నారు. రెండువైపులా విని ఆయన చెప్పిన తీర్పు: “సీరియలేగా, వదిలేయండమ్మా!” అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు.

సీరియల్ చూడనివాడు సీరియల్ తగువు తీర్చకూడదని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను. అది వట్టి సీరియల్ అయితే కదా! స్నేహితురాలు మోనిత ఆడిన అబద్ధం నమ్మి పెళ్లాన్ని, కన్నబిడ్డని కాదన్నాడు డాక్టర్ బాబు. ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించలేకపోయాడా అని ఊరూవాడా ఏకమై వెక్కిరించింది. టీచరుగారికి ఆ టెస్టు మాటే గిట్టదు. “పరీక్షలో నెగ్గితేనే పెళ్లామా? సీతమ్మ ఒకర్తె చాలదూ!” అంటారు. పిన్ని ఊరుకుంటుందా? “తప్పు తెలుసుకుని వచ్చినవాణ్ని గుమ్మంలోనే నిలబెడితే ఇంక తెలుసుకోవడం దేనికి?” ఇందులో ఎవరిది తప్పో నన్ను అడక్కండి.

రాజీ అంటే 2020 ఐపీఎల్ గుర్తొస్తుంది. మ్యాచ్ ఏడున్నరకే, వంటలక్క, అంటే మన దీప, ఏడున్నరకే. ఇంట్లో ఉన్నది ఒకటే టీవీ, సీరియల్ టైము మార్చండి మహాప్రభో అని ఒక కుర్రాడు ఛానల్‌కి మొరపెట్టుకున్నాడు. వాళ్లు టైము మార్చలేదు, ఇంకో టీవీ పంపారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను తప్ప. రెండో టీవీ రాజీ ఎలా అవుతుందండీ? అది వేరు కాపురం. ఒకే రిమోట్ కోసం కొట్టుకుంటున్నంతకాలం అవతలివాళ్లు ఏం చూస్తున్నారో మనకి తెలుస్తుంది.

అసలు రాజీ వాళ్లకి ఒకసారి కుదిరింది, అదీ సీరియల్ వాళ్ల పుణ్యమా అని. 2022లో దీపనీ డాక్టర్ బాబునీ ప్రమాదంలో చంపేసి, కథని ఎదిగిన కూతుళ్ల మీదికి మళ్లించారు. ఇద్దరూ కలిసి రచయితని తిట్టారు. నల్లపిల్ల కథ చెప్పడానికి దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ మొహానికి రంగు పూయడమేమిటని పాత కోపాలు కూడా తవ్వుకున్నారు. తగువు తీర్చాలంటే ఉమ్మడి శత్రువుని చూపిస్తే చాలని నేను కూడా ఈ కాలమ్ రాయడానికే కూర్చున్నాను. తీరా చూస్తే ఆ నెలల్లో వాళ్లు మాట్లాడుకున్నది బెండకాయల ధర, మోకాళ్ల నొప్పులు. క్షమాపణ గురించి, అనుమానం గురించి, తమ మొగుళ్ల గురించి డాక్టర్ బాబు పేరు మీద అనుకున్న మాటలేవీ మళ్లీ వినపడలేదు. కొన్ని నెలలకి ఆ జంట బతికే ఉన్నారని తేల్చారు. మర్నాడే పిన్ని గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

అందుకే నేను రాజీ మాట ఎత్తడం మానేశాను. పెద్దమనిషి వెళ్లిన సాయంత్రమే టీచరుగారు వచ్చారు.

“వదినగారూ, మీరన్నది ఆలోచించాను. అయినా ఒప్పుకోను.”

“ముందు టీ తాగండి, తర్వాత ఒప్పుకోకుందురుగాని.”