ఆకాశానికి అతికిన సంచి
దర్జీ కుట్టుపనిని మెచ్చుకుంటాం కానీ, ఆకాశానికి సంచి అతికే చేతుల్ని చూసినవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రంవారు పల్చని పాలిథిన్ పొరను నారింజ తొనల్లా కోసి, అంచుకు అంచు వేడితో అతుకుతారు. కొన్ని మైక్రాన్ల మందమే! ఒక్కచోట అతుకు విడిపోయినా ప్రయాణం దండగే. ఈ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి వదిలితే 50 నుంచి 85 మీటర్ల వ్యాసానికి ఉబ్బి, 30–42 కిలోమీటర్ల ఎత్తుకు పరికరాల్ని మోసుకుపోతుంది. నేలదాకా రాని అంతరిక్ష ఎక్స్‌రేలు అక్కడ దొరుకుతాయి. 2005లో అలా వెళ్లిన ఇస్రో ప్రయోగం తెచ్చిన గాలిలోనే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. పనయ్యాక పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి. దిగే అవకాశమున్న జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కూడా ఉన్నాయి. మీ మిరప చేలో పడితే విప్పకండి, పెట్టె మీది నంబరుకు ఫోన్ చేయండి. బహుమతీ ఇస్తారు.